ఆ అయిదు వేల మొక్కలు కొట్టేయ్, అల్లుడూ

అల్లుడికి మామ ఆశీస్సులు.

గ్రాంటు కోసం నువ్వు రాసి, నన్ను చూడమని పంపిన దరఖాస్తు రెండుసార్లు చదివాను. ఊరి కింది కుంటను పిట్టలకూ తాబేళ్లకూ మళ్లీ పనికొచ్చేలా చేద్దామని మీ సంఘం పిల్లలు అనుకోవడం సంతోషమే. పాకాల చెరువు చుట్టూ అడవికి 1952 నుంచి అభయారణ్యమన్న పేరుంది, రామప్పకూ లక్నవరానికీ చూడవచ్చే జనం ఉన్నారు. మీ కుంట లాంటివాటికి ఊరోళ్లు తప్ప దిక్కు లేదు. చిన్న గ్రాంటు అలాంటి చోటే అక్కరకొస్తుంది. కానీ మొదటి పేజీలోనే 'అయిదు వేల మొక్కలు నాటుతాం' అని రాశావు. ముందు అది కొట్టేయ్.

ఈ తప్పు నేను చేసి ఉన్నాను కాబట్టి చెబుతున్నా. నర్సంపేట వైపు బడిలో పనిచేసే రోజుల్లో ఒక సంస్థ నుంచి రూ.1.80 లక్షలు తెచ్చాం. మే నెలలో మిషన్ పెట్టి అక్కడి కుంట శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో ఉన్న సర్కారు తుమ్మనంతా ఒక్క వారంలో నేలమట్టానికి కోయించాం. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. రెండు వానలు పడేసరికి ఒక్కో మోడుకు పది పిలకలు లేచాయి. నాటిన మొక్కల్లో కొన్ని గొర్రెలు మేశాయి, మిగిలినవి ఎండాయి. రెండో ఏడు నీళ్లు పోయిద్దామంటే డబ్బంతా మొదటి మూడు నెలల్లోనే అయిపోయింది. ఆ తుమ్మ కొమ్మలకే ఏటా గిజిగాళ్లు గూళ్లు కట్టేవి. ఆ ఏడు ఒక్కటీ రాలేదు.

సర్కారు తుమ్మ కోస్తే చావదు. నేలలోపల వేరు మొదలు ఉంటుంది, పిలక అక్కడి నుంచే వస్తుంది. మూరెడు లోతు తవ్వి ఆ గడ్డను పెకిలించాలి. దానికి మే ఎండలు కాదు, దీపావళి వెళ్లాక గూళ్ల కాలం అయిపోయి, నేలలో ఇంకా పదును ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. ఒక్కసారిగా అంతా తీయొద్దు. ఈ ఏడు ఒక మూల, వచ్చే ఏడు ఇంకో మూల. తీసిన చోట నల్లతుమ్మ, గట్టు మీద మేడి, నేరేడు, ఈత పెట్టండి. నల్లతుమ్మ నాలుగు రోజులు నీళ్లలో నిలబడ్డా తట్టుకుంటుంది. నాలుగైదు వందల మొక్కలు చాలు. వాటికి కంపా, నీళ్లూ, మూడేళ్లు చూసుకునే మనిషీ కావాలి. గ్రాంటు ఆ మనిషి కోసం అడుగు. ఇచ్చేవాళ్లకు మొక్కల లెక్క ముద్దు, కూలీ లెక్క చేదు. అయినా అదే అడుగు.

కుంటకు ఎగువన ఉన్న ఖాళీ జాగా జోలికి పోవద్దు. నీ కంటికది బంజరు. కానీ తీతువు గుడ్లు పెట్టేది అలాంటి ఉత్త నేల మీదే. మీ అమ్మ బతుకమ్మకు తంగేడు, గునుగు తెచ్చేది కూడా అక్కడి నుంచే.

ఇంకో సంగతి. మత్తడి, అదే అలుగు పక్కన తల లేని తాటి మోడు ఒకటి ఉండాలి. 'శుభ్రం చేయడం' అనే పద్దు కింద దాన్ని కొట్టించేస్తారేమోనని నా భయం. పాలపిట్ట గూడు అల్లదు, ఇలాంటి మోళ్ల తొర్రల్లోనే గుడ్లు పెడుతుంది. దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరంతా పొలాల్లో పడి తిరుగుతాం, అది పుట్టే చెట్టును మాత్రం పొయ్యిలోకి కొడతాం.

పూడికతీత ఖర్చు రూ.3 లక్షలు వేశావు. మిషన్ కాకతీయ రోజులు గుర్తు తెచ్చుకో, ఒండ్రుమట్టిని రైతులే సొంత ట్రాక్టర్లతో చెలకలకు తోలుకున్నారు. ఇరిగేషన్ వాళ్ల అనుమతి తీసుకుని, ఎక్కడ ఎంత లోతు తీయాలో మీరు ముగ్గు పోసి చూపించండి, తోలుడు ఖర్చు తగ్గిపోతుంది. గిన్నెలా అంచు దాకా నిట్టనిలువుగా మాత్రం తవ్వనీయకండి. కొంగలూ ఉల్లంకులూ మోకాటి లోతు నీళ్లలో, బురదలో మేసేవి. ఒక వైపు ఏటవాలుగా వదలండి, నడుమ ఒక మట్టి దిబ్బ ఉంచండి.

నీ దరఖాస్తులో మత్స్యకార సంఘం పేరే లేదు. ఆ కుంటలో చేపపిల్లలు వదిలేదీ, వలలు వేసేదీ వాళ్లు. కాలువలో నీళ్లెప్పుడు వస్తాయో నీళ్లు వదిలే నీరటికి తెలుసు, గొర్రెలు ఏ దారిన దిగుతాయో కురుమలకు తెలుసు. దరఖాస్తు పెట్టే ముందే వాళ్లింటికి నువ్వు వెళ్లు, వాళ్లను మీటింగుకు పిలవకు. మీటింగులో అందరూ తలూపుతారు, బయటికొచ్చాక ఎవరి దారి వాళ్లదే. తెగిన నైలాన్ వలలు నీళ్లలో వదిలేస్తే తాబేళ్లు చిక్కుకుని చస్తున్నాయన్న మాట అరుగు మీద కూర్చుని మెల్లగా చెబితే వాళ్లే ఏరేస్తారు. గుర్రపుడెక్క తీయడం వాళ్లకూ లాభమే.

ఇక డబ్బు సంగతి. సంఘం రిజిస్టర్ కావాలంటే ఏడుగురు సభ్యులుంటే సరిపోతుంది. కానీ కొత్త సంఘానికి పెద్ద తలుపులు వెంటనే తెరుచుకోవు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బుకు మూడేళ్ల పని చూపించమంటారు, దానికోసం నమోదు చేసుకుంటే వచ్చే సీఎస్ఆర్-1 నంబరు కావాలంటారు. విదేశీ డబ్బు నేరుగా తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద నమోదు ఉండాలి, దానికీ మామూలుగా మూడేళ్లే. ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సంస్థ ఆ డబ్బును మీ సంఘానికి మళ్లించడానికి కూడా లేదు, 2020లో చట్టం మార్చారు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ నడిపే జెఫ్ (ప్రపంచ పర్యావరణ నిధి) చిన్న గ్రాంట్ల పథకం 1992 నుంచి ఉంది, అది ఊరి సంఘాల కోసమే పుట్టింది. అందులో మీ వంతు ఎంత అని అడుగుతారు, మీ శ్రమదానాన్ని కూడా లెక్కలో చూపించొచ్చు. అందుకని ఆదివారాలు ఎవరెవరు పారపట్టారో ఇప్పటి నుంచే రిజిస్టర్‌లో రాయండి. ఈలోపు హన్మకొండలో పాత సంస్థ ఏదైనా మీ మీద నమ్మకంతో ముందుకొస్తే వాళ్ల పేరు మీద చిన్న పని ఒకటి చేయండి. పద్దులన్నీ కాగితం మీద రాసుకోండి, నోటిమాట వద్దు.

పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం. చాలా ఊళ్లలో అది బోర్డు మీదే ఉంటుంది. కార్యదర్శిని అడిగి జీవవైవిధ్య రిజిస్టర్ తీయించి చూడు. అందులో మీ కుంట గురించి రెండు ముక్కలున్నా దరఖాస్తుకు బలం. పంచాయతీ తీర్మానం, శిఖం హద్దుల సర్వే నకలు జతచేయి. హద్దు తేలకుండా ఒక్క గుంత కూడా తవ్వకు. పక్క పట్టాదారుతో తగువు వస్తే గ్రాంటు గడువంతా తహసీల్దారు ఆఫీసు మెట్ల మీదే అయిపోతుంది.

బిల్లుల దగ్గర నాకు జరిగింది చెబుతా. ట్రాక్టర్ నడిపినతను బీడీకట్ట కాగితం వెనక 'మట్టి 14 ట్రిప్పులు' అని రాసి, కింద అడ్డంగా ఒక గీత గీసిచ్చాడు. నేను దాన్నే భద్రంగా దాచా. ఏడాది చివర సంస్థ లెక్కలు చూసే ఆమె దాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి, "సార్, ఇది మట్టి లెక్కా, బీడీల లెక్కా?" అంది. ఆ డబ్బు నా జీతంలోంచి కట్టాను. మీ అత్తకు ఇప్పటికీ తెలియదు, ఈ ఉత్తరం ఆమె కంట పడనీయకు. మీరు మాత్రం ఓచర్ పుస్తకం ఒకటి కొని, ట్రాక్టర్ నంబరు, తేదీ, ట్రిప్పులు, సంతకమో వేలిముద్రో ఆ సాయంత్రమే తీసుకోండి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

నాకైతే నీ దరఖాస్తు వచ్చే ఏడు పంపితేనే మంచిదనిపిస్తోంది. ఈ ఏడాది ప్రతి ఆదివారం తెల్లారి ఆరింటికి ఇద్దరు మత్తడి మీద అరగంట కూర్చుని, ఏ పిట్ట ఎన్ని కనబడిందో రాయండి. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, అందులోనూ మీ కుంటను చేర్చండి. పని మొదలవక ముందు ఎన్ని ఉన్నాయో తెలియకపోతే, అయ్యాక ఎన్ని పెరిగాయని చెబుతారు? అడిగేది కూడా పది లక్షలు కాదు, రెండు. అందులో సగం రెండో ఏడుకూ మూడో ఏడుకూ దాచండి.

దసరాకు వస్తాను. ఈలోపు జవాబు రాసేటప్పుడు ఆ తాటి మోడు నిలబడే ఉందా, కొట్టేశారా, ముందు ఆ సంగతి రాయి.

మీ మామ