తాగుడు లేదు, పేకాట లేదు, అయినా ఇంట్లో ఎందుకీ గొడవ?

ప్రశ్న (పెద్ద ఉత్తరాన్ని ఇక్కడ కుదించాం): మాది అనంతపురం. నా వయసు 39, గవర్నమెంట్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. మా ఆవిడ ప్రైవేట్ స్కూల్లో టీచర్. పాప జూన్‌లో పదో తరగతికి వస్తుంది, బాబు నాలుగో తరగతి. అమ్మ మా దగ్గరే ఉంటుంది, మోకాళ్ల నొప్పులు. నాలుగేళ్ల కిందట నాకు షుగర్ బార్డర్‌లో ఉందన్నారు. మా నాన్న 52 ఏళ్లకే హార్ట్ ఎటాక్‌తో పోయాడు. ఆ భయంతో పరుగు మొదలుపెట్టి, తర్వాత కరాటేలో చేరాను. ఇప్పుడు వారంలో నాలుగు పొద్దుల్లు పరుగు, ఆదివారం లాంగ్ రన్, సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం కరాటే. ఆగస్టులో హైదరాబాద్‌లో ఫుల్ మారథాన్, డిసెంబర్‌లో బ్లాక్ బెల్ట్ టెస్ట్ అనుకుంటున్నాను. తాగుడు లేదు, పేకాట లేదు, సిగరెట్ కూడా ముట్టను. అయినా మొన్న మా ఆవిడ 'మీరు ఈ ఇంట్లో బాడుగకు ఉన్నోళ్ల మాదిరి ఉన్నారు' అనింది. అప్పటినుంచి సరిగా మాట్లాడటం లేదు. అన్నీ మానేయాలా? ఆరోగ్యం చూసుకోవడం తప్పా?

జవాబు: మానేయొద్దు. ఇది ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే మీ చివరి రెండు ప్రశ్నల్లో కోపం ఉంది. ఆ కోపంలో 'సరే, ఇంట్లోనే కూర్చుంటాలే' అని ఒకరోజు బూట్లు మూలకు విసిరేస్తారేమోనని నా భయం. అలా మానేసినవాళ్లు ఇంటికి దగ్గరవడం నేను చూడలేదు. మూతి ముడుచుకుని ఫోన్ చూస్తూ కూర్చుంటారు, రెండు నెలలకు మళ్లీ మొదలుపెడతారు, ఈసారి ఇంట్లో చెప్పకుండా.

ఇప్పుడు 'తాగుడు లేదు, పేకాట లేదు' అన్న మాట దగ్గరకు వస్తా. మన సీమలో మగవాళ్లకు ఇది పెద్ద సర్టిఫికెట్. మీ అమ్మగారు కూడా కోడలితో 'నా కొడుకు ఏమన్నా తాగి పడిపోతున్నాడా' అంటున్నారని రాశారు. తాగుడుతో పాడైన ఇళ్లు నేను చాలానే చూశాను, అది లేకపోవడం నిజంగా అదృష్టమే, కాదనను. కానీ మీ ఆవిడ చెప్తున్నది చెడు అలవాటు గురించి కాదు కదా. ఆమె అన్న మాట ఇంకోసారి చదవండి. బాడుగకు ఉండేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. నెల కాగానే డబ్బులిస్తారు, గొడవ చేయరు, రాత్రి వేళకు వచ్చి పడుకుంటారు. కాకపోతే కొళాయి కారినా, ఓనరు బిడ్డకు జ్వరమొచ్చినా అది వాళ్ల పని కాదు. ఆమె మిమ్మల్ని తిట్టలేదు, తనకు కనిపిస్తున్నది ఉన్నదున్నట్టు చెప్పింది. ఎంతో ఆలోచిస్తే తప్ప అలాంటి మాట రాదు.

మీరు రాసిన టైములు పట్టుకుని నేను కాగితం మీద లెక్క వేశాను. నాలుగు పొద్దుల్లు, నాలుగున్నరకు పోయి ఆరుకు రావడం, అంటే ఆరు గంటలు. ఆదివారం నాలుగున్నరకే వెళ్లి, 25 కిలోమీటర్లు పరిగెత్తి, ఫ్రెండ్స్‌తో ఉగ్గాని బజ్జి తిని తొమ్మిదిన్నరకు రావడం, ఐదు గంటలు. కరాటే ఆరింటికి బయల్దేరి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరడం, మూడు రోజులకు ఏడున్నర గంటలు. మొత్తం పద్దెనిమిదిన్నర. ఆఫీసు లెక్కలో రెండు రోజుల డ్యూటీ కంటే ఎక్కువ. ఇందులో ఆదివారం మధ్యాహ్నం అలిసిపోయి మూడు గంటలు పడుకోవడం, చెమటతో తడిసిన కరాటే డ్రెస్ నానబెట్టి ఉతకడం (ఎవరు ఉతుకుతున్నారో మీరు రాయలేదు), రన్నింగ్ గ్రూపులో రాత్రిపూట మెసేజ్‌లు, ఇవేవీ నేను కలపలేదు.

లెక్కకంటే నన్ను ఎక్కువ ఆపింది ఇంకోటి. మీ వీధిలో నీళ్లు రోజు మార్చి రోజు పొద్దున ఐదింటికి వస్తాయని, ఆ మోటార్ల చప్పుడు వింటూ పరిగెత్తడం బాగుంటుందని ఎక్కడో మాటవరసకు రాశారు. నేను అక్కడే ఆగిపోయాను. మీరు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పోతూ వినే ఆ చప్పుడుకు ఇంట్లో ఒక మనిషి లేచి మోటార్ వేసి, బిందెలు నింపి, సంపు చూసుకుని, అత్తగారికి కాఫీ ఇచ్చి, రెండు క్యారియర్లు కట్టి, ఎనిమిదికల్లా తను బడికి పోవాలి. మీ పరుగుకు టైం ఎక్కడిదో కాదు, అక్కడినుంచి వస్తోంది. మీకు దొరికిన ప్రతి గంటా ఆమె దగ్గర తగ్గిన గంట. మీరు కావాలని తీసుకున్నారని నేను అనడం లేదు. అసలు గమనించనే లేదు, బాధ అక్కడే.

ఇక ఆరోగ్యం మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకు ఇచ్చిన సలహా ఏంటంటే, వారానికి మామూలు వేగం వ్యాయామమైతే 150 నుంచి 300 నిమిషాలు, పరుగులాంటి గట్టి వ్యాయామమైతే 75 నుంచి 150 నిమిషాలు, దాంతోపాటు రెండు రోజులు కండరాలకు పని. మీ పరుగులో రెండు పొద్దుల్లు, ఒక కరాటే క్లాసు కలిపితే ఇంచుమించు అది తీరిపోయింది. మిగతా పదమూడు గంటలు ఆరోగ్యం కోసం కాదు. అవి మీకు ఇష్టం కాబట్టి. ఆ ఇష్టం తప్పు కాదు, నలభైకి దగ్గరపడుతున్న మనిషికి ఒంట్లో ఆ పట్టు రావడం ఎంత సంతోషమో నాకు తెలుసు, అది మీ ఉత్తరంలో ప్రతి లైన్లోనూ ఉంది. కానీ 'ఆరోగ్యం కోసం' అన్నారంటే ఇంక ఎదుటివాళ్లు నోరెత్తలేరు. మీ నాన్నగారి విషయం తెలిసిన భార్య 'వద్దు' అని ఎలా అంటుంది? అంటే భర్త ప్రాణం కంటే బిందెలే ఎక్కువైనట్టు ఉంటుంది. అందుకే నాలుగేళ్లు ఏమీ అనలేదు, ఇప్పుడు ఒక్క మాటలో అనేసింది. 'ఇది నాకు చాలా ఇష్టం, ఇంత టైం కావాలి, నీకు కుదురుతుందా' అని అడిగి చూడండి. అడిగితే ఆమె ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, సగం ఇవ్వవచ్చు. ఆ అవకాశం ఆమెకు ఇంతవరకు రాలేదు.

భయం గురించి కూడా చెప్పాలి. తండ్రికి 55 ఏళ్లలోపు గుండె జబ్బు వస్తే పిల్లల విషయంలో డాక్టర్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. మీ షుగర్ కూడా బార్డర్‌లో ఉంది. మరి ఈ నాలుగేళ్లలో ఒక్కసారైనా గుండె డాక్టర్‌కు చూపించుకున్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. పరిగెత్తగలుగుతున్నాను కాబట్టి గుండె బాగున్నట్టే అనుకోకండి. ఈసీజీ, ఎకో, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష), లిపిడ్ (కొలెస్ట్రాల్) టెస్ట్, మూడు నెలల షుగర్ టెస్ట్, వీటిలో ఏవి కావాలో డాక్టర్ చెప్తారు, దూరం ఇంకా పెంచే ముందే వెళ్లండి. పోయేటప్పుడు మీ ఆవిడను కూడా తీసుకెళ్లండి. ఆ భయం ఇన్నాళ్లూ మీ ఒక్కరిదే అనుకున్నారు, ఆమెకూ ఉండి ఉంటుంది, మీరు పొద్దున చీకట్లో బైపాస్ రోడ్డు మీద పరిగెత్తుతున్నారని తెలిసి నిద్రపట్టక పడుకున్న రోజులు కూడా ఉండి ఉంటాయి.

నిద్ర సంగతి కూడా చూడండి. కరాటే ఉన్న రోజు తిని పడుకునేసరికి పదకొండు, మళ్లీ నాలుగుకు లేవడం. ఐదు గంటలు. పెద్దవాళ్లకు కనీసం ఏడు కావాలి. బాబు హోంవర్క్ దగ్గర చిన్న తప్పుకే అరుస్తున్నానని, తర్వాత బాధపడుతున్నానని రాశారు. అది మీ గుణం కాదు, నిద్ర లేక వచ్చే చిరాకు.

ఇప్పుడు ప్రాక్టీస్ ఎలా తగ్గించాలో చూద్దాం. నిజానికి తగ్గిస్తే మీ ఆటకే మంచిది. కిక్‌లో పవర్ తగ్గిందని మీ మాస్టారు అంటున్నారని రాశారు కదా. 1980లో రాబర్ట్ హిక్సన్ అనే అమెరికా పరిశోధకుడు పది వారాలు ఒక పరీక్ష చేశాడు. కొందరు బలం కోసం బరువులు మాత్రమే, కొందరు దమ్ము కోసం పరుగు, సైకిల్ మాత్రమే, ఇంకొందరు రెండూ చేశారు. రెండూ చేసినవాళ్లకు దమ్ము బాగానే పెరిగింది, కాళ్ల బలం మాత్రం ఏడో వారం దాకా పెరిగి అక్కడే ఆగింది, చివరి వారాల్లో తగ్గింది కూడా. మీరు కిలోమీటర్లు పెంచుకుంటూ పోతున్న కాలంలోనే కిక్ కూడా పదునెక్కాలంటే కష్టం. ఒక కాలానికి ఒకటే పెద్ద లక్ష్యం పెట్టుకోండి, రెండోది చేయి జారిపోకుండా ఉంటే చాలు.

నన్నడిగితే ఈ ఆగస్టుకు ఫుల్ వద్దు, హాఫ్ చాలు. 42.195 కిలోమీటర్లకు తయారవ్వాలంటే ఆదివారం 30 కిలోమీటర్ల దాకా పోవాలి, అదీ ఏప్రిల్, మే ఎండల్లో దూరం పెంచుకుంటూ. మన ఊళ్లో ఆ నెలల్లో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది, పొద్దున ఏడుకే ఒళ్లు మండుతుంది. హాఫ్ 21.1 కిలోమీటర్లకు 16, 18 చాలు. ఐదుకు మొదలుపెడితే ఏడున్నరకల్లా ఇంట్లో ఉంటారు, మధ్యాహ్నం పడిపోకుండా ఉంటారు. ఉగ్గాని పొట్లం కట్టించుకుని ఇంటికే తెచ్చేయండి, అందరూ కలిసి తినొచ్చు. ఫుల్ మారథాన్ మాత్రం పాప పదో తరగతి పరీక్షలు మార్చిలో అయిపోయాక. ఇందులో నేను బేరం ఆడను. ఈ ఒక్క ఏడు సాయంత్రం ఏడింటికి పాప పుస్తకం ముందేసుకున్నప్పుడు లెక్కల్లో డౌట్ వస్తే నాన్న ఇంట్లో ఉండాలి. మారథాన్ వచ్చే ఏడు కూడా ఉంటుంది.

అందుకే కరాటే మూడు సాయంత్రాలు వద్దు, ఒకటి లేదా రెండు. బ్లాక్ బెల్ట్ టెస్ట్ డిసెంబర్‌లోనే ఇవ్వాలని ఏమీ లేదు, మాస్టారితో మాట్లాడి వాయిదా వేయండి. కటాలకు, అంటే ఒంటరిగా వరసగా చేసే కదలికలకు, హాలే అవసరం లేదు. హెయాన్ షోదాన్ అనే మొదటి కటాలో 21 కదలికలు, మిద్దె మీద ఆ జాగా సరిపోతుంది, ఇరవై నిమిషాల్లో ఐదారు సార్లు చేయొచ్చు. కుమితేకు, అంటే ఇద్దరు తలపడే ప్రాక్టీస్‌కు, మాత్రం ఎదుటి మనిషి కావాలి కాబట్టి క్లాసును దానికి ఉంచుకోండి. ఇంకో పద్ధతి, గట్టి పరుగును కరాటే క్లాసు ఉన్న రోజు పొద్దునే పెట్టుకోండి. కష్టమంతా ఆ ఒక్క రోజులో అయిపోతుంది, మర్నాడు పూర్తిగా విశ్రాంతి. ఇప్పుడు మీకు ప్రతి రోజూ సగం అలసట, ప్రతి రోజూ సగం ఇల్లు. బాబుకు ఇష్టముంటే క్లాసుకు తీసుకెళ్లండి, ఇష్టం లేకపోతే 'నా కొడుకు' అని లాక్కుపోవద్దు.

నీళ్లొచ్చే రోజు పరుగు లేదు. దీన్ని మీ ఆవిడతో చర్చకు కూడా పెట్టకండి. ఆ పొద్దున మీరే లేచి మోటార్ వేయండి, ఆమెను లేపొద్దు. నెల రోజులు చేశాక కూడా 'చూశావా' అనొద్దు.

ఇదంతా చదివి కొత్త టైంటేబుల్ గీసుకుని పోయి ఆమె ముందు పెడతారేమో, అదీ వద్దు. అది మళ్లీ మీ ప్లానే అవుతుంది. పిల్లలు పడుకున్నాక, వంటింట్లో హడావుడిలో కాకుండా, 'నేను లేనప్పుడు నీకు ఏ టైం అన్నిటికంటే కష్టంగా ఉంటుంది?' అని ఒక్కటే అడగండి. అడిగి ఊరుకోండి. ఆమె చెప్పేది మీరు అనుకున్నది కాకపోవచ్చు. నీళ్లు కాకుండా, ఆదివారం మధ్యాహ్నం మీరు గురకపెట్టి పడుకుంటే పిల్లలు 'నాన్న లేవలేదా' అని అడగడమే ఆమెకు కష్టం కావచ్చు. 'నువ్వు సపోర్ట్ చేయట్లేదు' అన్న మాట నోట్లోంచి రానివ్వకండి, నాలుగేళ్లుగా ఈ ఇల్లు నడిచిందే ఆమె సపోర్ట్ మీద. ఆమెకంటూ వారంలో ఎన్ని గంటలు కావాలో కూడా అడగండి. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ సాయంత్రం ఆర్డీటీ స్టేడియం వైపు నడిచేవాళ్లమని రాశారు. ఆ నడక ఎప్పుడు ఆగిపోయిందో మీకు గుర్తుందా? ఆమెకు తప్పకుండా గుర్తుంటుంది.

మీ అమ్మగారితో మీరే మాట్లాడాలి, ఆ పని మీ ఆవిడ మీద పెట్టొద్దు. 'అమ్మా, ఆమె చెప్పింది నిజమే, నేనే చూసుకోలేదు, ఇంకోసారి తాగుడు మాట ఎత్తి ఆమెను అనొద్దు' అని కోడలు వినేటట్టుగానే చెప్పండి. అమ్మ రెండు రోజులు అలుగుతుంది. అలగనీయండి.

ముందు డాక్టర్ దగ్గర టైం తీసుకోండి, సాధ్యమైతే ఈ వారమే. రిపోర్టులు వచ్చాక, మీ ఆవిడ ఏం చెప్పిందో కూడా కలిపి నాకు మళ్లీ రాయండి. ఆమె రాస్తానంటే ఇంకా మంచిది, ఆమె ఉత్తరం ముందు చదువుతా.