క్లాస్‌మేట్ బస్సెక్కినప్పుడు

(‘పని ముచ్చట్లు’ శీర్షికకు పాఠకులు రాసిన ఉత్తరాలు, వాటికి ఒక రిటైర్డ్ కండక్టర్ జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే అడిగాయి: ఈ ఉద్యోగం ఉంచుకోవాలా, మానెయ్యాలా? అంత పెద్ద తీర్పు చెప్పే హోదా నాకు లేదు. ఉమ్మడి నల్గొండ జిల్లాలో పల్లెవెలుగు బస్సుల్లో టికెట్లు కొట్టి రిటైరైనదాన్ని. ఆ పనిలో తెలిసిందేదో చెబుతాను. మీకు పనికొస్తే తీసుకోండి.

‘అక్కా, నాకు 24 ఏళ్లు. బీకాం చదివాను. మా నాన్న ఆర్టీసీ డ్రైవర్. సర్వీసులో ఉండగానే గుండెపోటుతో పోయారు. బ్రెడ్ విన్నర్ స్కీమ్ కింద నాకు కండక్టర్ ఉద్యోగం వచ్చింది. నా రూట్ మా కాలేజీ ముందు నుంచే. క్లాస్‌మేట్స్ ఎక్కితే మాస్కు కళ్ల దాకా లాక్కుంటున్నాను. మొన్న ఒకడు ‘బీకాం చేసి టికెట్లు కొడుతున్నవా’ అని బస్సంతా వినేలా నవ్వాడు. ఇంటికి పోతే అమ్మ ‘మీ నాయిన పెట్టిపోయిన బువ్వ’ అంటుంది. ఆ మాట వింటే ముద్ద దిగడం లేదు. ఏం చెయ్యను?’ — స., వరంగల్ జిల్లా

బిడ్డా, ముందు మీ అమ్మ మాట సంగతి చూద్దాం. నిన్ను ఎక్కువ గుచ్చుతున్నది ఆ కుర్రాడి నవ్వు కాదని నీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. మీ అమ్మకు అది నీ మీద విసురు కాదు. పోయిన మనిషిని రోజుకోసారి తలుచుకునే దారి. కానీ వినేది నువ్వు కాబట్టి నీకు అప్పులాగా వినిపిస్తోంది.

ఆ స్కీమ్ ఎవరి దయా కాదు. పనిలో ఉన్న మనిషి పోతే ఆ ఇంటికి ఆధారం తెగుతుందని పెట్టింది. మీ నాన్న సర్వీసు నిన్ను డిపో గేటు దాకా తెచ్చింది, అంతే. పొద్దున సంతకం పెట్టి మిషన్ తీసుకునేది నువ్వు. డ్యూటీ దిగాక లెక్క తక్కువొస్తే చేతి డబ్బు వేసేది నువ్వు. చెకింగ్ వాళ్లు ఎక్కినప్పుడు ఒక్కరి చేతిలో టికెట్ లేకపోయినా జవాబు చెప్పుకునేది నువ్వు. ఈ సంగతులు మీ అమ్మకు మాటల్లో చెప్పకు. సెలవు లేని ఒక రోజు చూసి ఆమెను నీ బస్సెక్కించుకో. ఆడవాళ్లకు ఫ్రీ కాబట్టి ఆధార్ చూపిస్తే జీరో టికెట్టే కదా, ఖర్చు లేదు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా రెండు ట్రిప్పులు కూర్చోబెట్టు. సంత రోజైతే మరీ మంచిది. డ్రైవర్ భార్యగా ఆమెకు స్టీరింగ్ కష్టం తెలుసు. వెనక తలుపు దగ్గర ఏం జరుగుతుందో తెలియకపోవచ్చు.

ఇక క్లాస్‌మేట్లు. వాళ్లు నోరు తెరవకముందే నువ్వు అడుగు: ‘ఎక్కడికి?’ గొంతు మార్చొద్దు, నవ్వొద్దు, మొహం తిప్పొద్దు. ముందు సీటులో ముసలాయన్ను ఎట్లా అడిగావో అట్లాగే. ‘ఎక్కడికి’ అని కండక్టర్ అడిగాక మనిషి జేబు వెతుక్కుంటాడు. వెతుక్కునేవాడికి నవ్వే తీరిక ఉండదు. అమ్మాయిలైతే కార్డు చూసి జీరో టికెట్ కొట్టి చేతిలో పెట్టు, అబ్బాయిలైతే పాస్ చూపించమను. పాస్ మర్చిపోయాను అంటే డబ్బులు తీసుకుని టికెట్ ఇవ్వు. స్నేహం కొద్దీ వదిలేశావో, ఆ ఒక్కటీ నీ ఉద్యోగం మీదికొస్తుంది. టికెట్లన్నీ అయ్యాక ఖాళీ ఉంటే పక్కన నిలబడి పరీక్షల సంగతి అడుగు. నిజమైన స్నేహితులు రెండోసారికే ‘ఏమే, సీటు ఉందా’ అంటూ ఎక్కుతారు. మిగిలినవాళ్లు ప్రయాణికులు.

నేను చేరింది తొంభైల చివర్లో. మా డిపోలో ఆడ కండక్టర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అప్పుడు ఈ మిషన్లు లేవు. ఒక్కో రేటుకు ఒక్కో రంగు టికెట్ల కట్టలు ట్రేలో పెట్టుకుని, చింపి, పంచ్ కొట్టి ఇవ్వాలి. స్టేజీ రాగానే ఏ కట్టలో ఏ నంబరు దాకా తెగిందో ఎస్సార్‌లో, అంటే టికెట్ల లెక్క కాగితంలో, రాయాలి, అదీ బస్సు గుంతల్లో ఎగురుతుంటే. మా చిన్నత్త ఒకసారి ఎక్కి, నన్ను చూసి, ముందు స్టాపులోనే దిగిపోయింది. కోడలు మగాళ్ల మధ్య సంచి తగిలించుకుని నిలబడిందని ఆమెకు తలవంపులు. దసరాకు ఇంటికొచ్చి కూడా ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నా జీతంతో ఆమె కంటి ఆపరేషన్ అయిన తర్వాత ఆమే నా డ్యూటీ చార్ట్ కనుక్కుని నా బస్సుకే వచ్చేది. ఆ మార్పును నేనేమీ గొప్పగా తీసుకోలేదు. డబ్బు అవసరం పడితే మర్యాద దానంతటదే వస్తుందని అప్పుడే అర్థమైంది. కొంచెం చేదుగానే ఉంటుంది.

నువ్వు సిగ్గు అని రాసినదాంట్లో సగం అలసటేమో చూసుకో. కొత్తలో ప్రతి కండక్టర్‌కూ సాయంత్రానికి పిక్కలు రాయిలా అవుతాయి, గొంతు పోతుంది. అప్పుడు ఎవరేమన్నా ఏడుపొస్తుంది. పైగా 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైన దగ్గర్నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో నిలబడే చోటు కూడా ఉండటం లేదు. ‘ఫ్రీ కదా, మళ్లీ టికెట్ ఎందుకు’ అని అడిగేవాళ్లు రోజూ ఉంటారు. ఆ జీరో టికెట్ లెక్కను బట్టే ప్రభుత్వం నుంచి డబ్బు రావాలని వాళ్లకు ఒక్క ముక్కలో చెప్పు, వాదన పెట్టుకోకు. ఆధార్‌లో ఫొటో అరిగిపోయిందనో, అడ్రస్ పాతదనో గొడవ వస్తే కూర్చున్న పెద్దవాళ్లలో ఒకరు నీ తరఫున మాట్లాడతారు. మన బస్సుల్లో అలాంటి పెద్దమ్మ ఒకరు తప్పకుండా ఉంటుంది.

నీళ్లు మానొద్దు. ఇది ఆడ కండక్టర్లందరికీ చెప్పే మాట. దారిలో బాత్రూం దొరకదని పొద్దున నుంచి గొంతు తడపకుండా ఉండే పిల్లలను చాలామందిని చూశాను. మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్, మందులు, సెలవులు. అటువైపు చివరి స్టాపు ఊళ్లో ఒక ఇల్లు చూసి పెట్టుకో. కిరాణా కొట్టామెనో, అంగన్‌వాడీ టీచర్‌నో పరిచయం చేసుకో. అడగడానికి మొహమాటపడకు. రోజూ వాళ్ల ఊరికి బస్సు తెచ్చేదానివి, కాదనరు.

నాకు ఈ పని ఇష్టమేనా అంటే, మొదటి సర్వీసు ఇష్టం. చీకటి ఉండగానే కూరగాయల గంపలు, పాల క్యాన్లు ఎక్కేవి. ఎవరి లగేజీ ఎంతో నాకు చూపులోనే తెలిసేది. నల్గొండ ఆసుపత్రికి పోయే మనిషి ఎవరో, కోర్టు వాయిదాకు పోయే మనిషి ఎవరో మొహం చూసి చెప్పేదాన్ని. నచ్చనిది చిల్లర. జీవితంలో అన్ని తిట్లు మరి దేనికీ పడలేదు. టికెట్ వెనక ‘ఎనిమిది ఇవ్వాలి’ అని రాసిస్తే, దిగే తొందరలో మర్చిపోయి, మర్నాడు అదే టికెట్ పట్టుకుని డిపోకి వచ్చినవాళ్లున్నారు. ఇప్పుడు ఫోన్‌తో డబ్బులు కట్టేవాళ్లు పెరిగి ఆ బాధ మీకు కొంత తగ్గి ఉంటుంది. ఇంతకూ ఈ పనిని నువ్వు ప్రేమించి తీరాలని ఎవరైనా అంటే నమ్మకు. జీతం తీసుకుని పని సరిగ్గా చేస్తే చాలు.

బీకాం ఉంది కాబట్టి పరీక్షలు రాయాలనిపిస్తే రాయి. నైట్ అవుట్ డ్యూటీ (రాత్రి బస్సుతో అటే ఆగే డ్యూటీ) చేసి దిగాక దొరికే వేళ చదువుకోవడానికి పనికొస్తుంది. డిపోలోనే కంట్రోలర్ దాకా పైకి వెళ్లే దారి కూడా ఉంది. అయితే ఆ కుర్రాడు నవ్వాడని మాత్రం రాయకు. కసితో కొన్న పుస్తకాలు రెండు నెలలకు అటకెక్కుతాయి. మాస్కు మాత్రం దుమ్ముకు పెట్టుకో, మంచిదే.

‘నాకు 31. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. బిల్లులు కట్టే యాప్ ఒకటి పరీక్షిస్తుంటాను. జీతం బాగానే ఉంది. ఖమ్మం దగ్గర పల్లెలో ఉండే మా అమ్మ ‘ఏం పని నాయనా నీది’ అంటే చెప్పలేకపోతున్నాను. పొలం పని చేసే ఆమె ముందు నాది పనేనా అనిపిస్తోంది.’ — హైదరాబాద్

తమ్ముడూ, మీ అమ్మ కరెంటు బిల్లు ఎవరు కడతారు? నువ్వే ఫోన్‌లో కడుతుంటావు. ‘బటన్ నొక్కితే డబ్బు రెండుసార్లు పోకుండా, కట్టాక కట్టలేదని చూపించకుండా నేను చూస్తానమ్మా’ అని చెప్పు. ఆమెకు వెంటనే అర్థమవుతుంది. డబ్బు పోయి బిల్లు కట్టనట్టు పడితే ఏం జరుగుతుందో, ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో మనకంటే ఆమెకే బాగా తెలుసు.

నీ అసలు ఇబ్బంది ఇంకొకటేమో. రోజంతా గదిలో కూర్చుని పని చేస్తే, దానివల్ల బాగుపడ్డ మనిషి ఒక్కడూ ఎదురుపడడు. మాకు ఆ అదృష్టం, దురదృష్టం రెండూ ఉండేవి: తిట్టేవాడూ ఎదురుగానే, దీవించేవాడూ ఎదురుగానే. వారానికోసారి ఆ యాప్ వాడే కిరాణా కొట్టు మనిషితో మాట్లాడి చూడు. తిట్లతోనే మొదలవుతుంది, కంగారుపడకు.

‘మాది పోచంపల్లి దగ్గర. మా అమ్మ చెబుతుంటే నేను రాస్తున్నాను, ఇంటర్ చదువుతున్నాను. అమ్మ ఆసు పోస్తుంది, చిటికి కడుతుంది, నూలు కండెలు చుడుతుంది. నాన్న మగ్గం నేస్తాడు. మజూరీ నాన్న చేతికే ఇస్తారు. సర్వేకు వచ్చినాయన అమ్మ పేరు పక్కన ‘గృహిణి’ అని రాసుకుపోయాడు. అమ్మ అడగమంటోంది: నేను పని చేస్తున్నట్టా, కాదా?’ — యాదాద్రి భువనగిరి జిల్లా

అమ్మకు చదివి వినిపించు.

వదినా, చౌటుప్పల్, పోచంపల్లి వైపు డ్యూటీ పడినప్పుడు చీరల మూటలకు నేను లగేజీ టికెట్ కొట్టేదాన్ని. మూట మగవాళ్లే తెచ్చేవాళ్లు. దాంట్లో మీ చేతులు ఎన్నో ఉన్నాయని అప్పుడు నాకు తట్టలేదు, టికెట్ మీద బరువు తప్ప ఇంకేం ఉండదు కదా.

ఆసు సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు, పాఠకుల కోసం చెబుతాను. చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట నూలుకు కట్లు కట్టి, రంగులద్దే ముందు పేక (అడ్డ) నూలును అర్ధచంద్రంలా ఉన్న చట్రం మీద మేకుల చుట్టూ పోయాలి. చేత్తో పోస్తే ఒక్క చీరకు చెయ్యి అటూ ఇటూ వేల సార్లు ఆడాలి, నాలుగైదు గంటలు పడుతుంది. మీ జిల్లా శారాజీపేటలో చింతకింది మల్లేశం గారి తల్లి లక్ష్మి గారికి ఇలా పోసీ పోసీ భుజాలు పట్టేశాయి. ఆ నొప్పి చూడలేక ఆయన ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం చేశాడు, దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒక యంత్రం కనిపెట్టాల్సినంత కష్టం ఉన్న పనిని ‘గృహిణి’ అని రాసుకుపోయాడంటే, తప్పు ఆ కాగితంలో గడిదే.

2019–20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షలకు పైగా చేనేత కార్మికులు తేలారు. నేసేవాళ్లతోబాటు కండెలు చుట్టడం, రంగులద్దడం లాంటివి చేసే ‘అనుబంధ కార్మికుల’నూ దాంట్లో లెక్కపెట్టారు. మొత్తం మీద ఆడవాళ్లే ఎక్కువ, వంద మందిలో డెబ్బై మందికి పైగా. కాబట్టి మీకు ఒక పేరుంది, అది అనుబంధ కార్మికురాలు. జిల్లా చేనేత జౌళి శాఖ ఆఫీసుకు అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. మీ పేరు మీద గుర్తింపు కార్డు ఉందో లేదో అడగండి, లేకపోతే దరఖాస్తు ఎలా పెట్టాలో రాయించుకోండి. ‘మా ఆయనకు ఉంది’ అని ఊరుకోవద్దు. పథకం ఏదొచ్చినా ముందు చూసేది కార్డే.

మజూరీ సంగతి ఇంట్లోనే తేలాలి. అన్నయ్యతో పోట్లాడమనను. ఈ నెల చీరలకు మీరు పోసిన ఆసులెన్నో, కట్టిన చిటికిలెన్నో పాప నోటుబుక్‌లో తేదీ వేసి రాయించండి. నెలాఖరున డబ్బులు లెక్కపెట్టేటప్పుడు ఆ పుస్తకం పక్కన పెట్టండి. మాట్లాడకండి. ఆయన చదువుకుంటాడు. ఇంకోసారి సర్వేకు ఎవరొచ్చినా, రాసుకున్నది చదివి వినిపించమని పాపే అడగాలి.

‘మా వారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఇప్పటికీ తొమ్మిదిన్నరకి ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చుంటారు. పాలబ్బాయి ఆలస్యంగా వస్తే సంజాయిషీ అడుగుతారు. పనమ్మాయిని ‘నిన్న ఎందుకు రాలేదు, లెటరేదీ’ అన్నారు. తను మానేస్తానంటోంది. నేనూ మానేసేలా ఉన్నాను.’ — రాజమండ్రి

అక్కగారూ, మీ ఆఖరి వాక్యం మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. నేనూ తక్కువదాన్నేమీ కాదు. రిటైరైన కొత్తలో ఒక పెళ్లి భోజనాల దగ్గర ‘లోపలికి జరగాలి, లోపలికి జరగాలి’ అని అరిచానట. జనం నిజంగానే జరిగారని మా ఆయన ఇప్పటికీ చెబుతుంటాడు.

చొక్కా మాన్పించకండి. దానికి తగ్గ పని వెతకండి. మీ వీధిలో పదో తరగతి తప్పి ఆగిపోయినవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఓపెన్ స్కూల్లో కట్టిస్తే సారు లెక్కలూ ఇంగ్లీషూ చూడగలరు. ముందు మీ పనమ్మాయినే అడిగి చూడండి. చదువుతానంటే ఆమె రాని రోజున లెటర్ అడిగే హక్కు ఆయనకు వచ్చినట్టే, మానేసే మాట కూడా పోతుంది. మీ వంటింటికి మాత్రం గేటు వేసేయండి, అక్కడ హాజరుపట్టీ చెల్లదు.

పాలబ్బాయి విషయంలో తొందరపడి సారును తప్పుపట్టకండి. వాడు నిజంగానే లేటుగా వస్తున్నాడేమో.