గుజ్జు అరిగిందని కాళ్లు కదపడం మానేయొద్దు

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. బీపీ మాత్రలు వాడుతోంది. రెండు మోకాళ్లూ నొప్పి. ఎక్స్‌రే తీసి గుజ్జు అరిగిందన్నారు, వ్యాయామం చేయమన్నారు. నాలుగు రోజులు చేసి, నొప్పి పెరిగిందని మానేసింది. ‘అరిగినవాటిని ఇంకా అరగదీయడం ఎందుకే’ అంటోంది. ఏం చేయించాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: దయచేసి అమ్మగారిని కూర్చోబెట్టేయకండి. మీరు గుజ్జు అంటున్న మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. కీలులోని ద్రవమే దానికి ఆహారం. కాలు కదిలి, బరువు పడుతూ లేస్తూ ఉంటేనే అది సరిగా అందుతుంది. కదలడం మానేస్తే తొడ ముందు కండరం చిక్కిపోయి, అది మోయాల్సిన భారం కూడా కీలు మీదే పడుతుంది.

మొదటిది మంచం మీదే చేయొచ్చు. కాళ్లు చాపి, మోకాలి కింద మణికట్టంత మందాన చుట్టిన తువాలు పెట్టాలి. దాన్ని మోకాలితో కిందికి నొక్కుతూ తొడ బిగించి 5 సెకన్లు ఉంచి వదలాలి. ఒక్కో కాలికి 10 సార్లు, రోజూ. మీ చెయ్యి ఆమె తొడ మీద వేసి చూడండి. కండరం గట్టిపడి, మోకాలి చిప్ప కాస్త పైకి జరగాలి. చాలామంది తొడ వదిలేసి పిరుదులు బిగిస్తారు, దానివల్ల మోకాలికి లాభం లేదు.

రెండోది కుర్చీలోంచి లేచి కూర్చోవడం. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఇదే, ఎందుకంటే బాత్రూంలోనూ బస్సులోనూ పనికొచ్చే బలం ఇది. కుర్చీని గోడకు ఆనించండి. సీటు మోకాలి కంటే తక్కువ ఎత్తులో ఉంటే దిండు వేయండి. మొదట్లో చేతుల ఆసరా తీసుకోవచ్చు. మోకాళ్లు లోపలికి వాలకుండా పాదాల వేళ్ల వైపే ఉండాలి. కూర్చునేటప్పుడు ధబీమని కూలబడకుండా మూడు లెక్కపెడుతూ దిగాలి, కండరానికి అసలు పని అక్కడే. 5 సార్లతో మొదలుపెట్టి, రోజు విడిచి రోజు చేస్తే చాలు. ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది, కాబట్టి అంకెలు పైకి లెక్కపెట్టించండి.

నొప్పి సంగతి. మొదటి రోజే ఇరవయ్యేసి సార్లు చేసి, మర్నాడు మంచం దిగలేక మానేసేవాళ్లే ఎక్కువ. నొప్పిని పదికి లెక్కవేయమనండి. చేసేటప్పుడు నాలుగు దాటకపోతే, 24 గంటల్లో మామూలు స్థితికి వస్తే, భయం లేదు. దాటితే సంఖ్య సగానికి తగ్గించండి, మానేయకండి. ఫలితం తెలియడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. అంతవరకు ఓపిక పట్టాలని ముందే చెప్పండి.

నడక చదునైన చోట 10 నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి రెండు నిమిషాలు పెంచుతూ పోవచ్చు. బాసింపట్టు వేసుకోవడం, గొంతుకూర్చోవడం నొప్పి తగ్గేదాకా వద్దు. పూజకైనా పీట బదులు కుర్చీ వేయండి.

మోకాలు వాచి వేడెక్కి జ్వరం వచ్చినా, ఒక పిక్కే వాచి నొప్పి పెట్టినా, పడ్డాక కాలు మోపలేకపోయినా వ్యాయామం ఆపి అదే రోజు డాక్టరుకు చూపించండి. ఛాతీలో నొప్పిగానీ, విపరీతమైన ఆయాసంగానీ వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.