గాలె కోటలో సముద్ర మ్యూజియం: వెళ్ళేముందు నాలుగు మాటలు

చి. సౌ. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

శ్రీలంక ప్రయాణం ఖాయమైందని, గాలె కోటలో ఉన్న జాతీయ సముద్ర మ్యూజియం చూడాలని పిల్లలు పట్టుబడుతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. పోర్టు ఉద్యోగంలో జీవితం గడిపినవాణ్ణి, ఆ కోట తిరిగినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

కొలంబో నుంచి రైల్లో వెళ్ళండి. హైవే మీద కారులో అయితే తొందరగా చేరతారు గానీ సముద్రం కనపడదు. రైల్లో కుడివైపు కూర్చుంటే దారి పొడవునా కెరటాలు పట్టాల పక్కనే ఉంటాయి. 2004 సునామీలో ఒక రైలు మొత్తాన్ని నీళ్ళు ముంచేసిన పెరలియ కూడా ఆ దారిలోనే ఉంది. పిల్లలకు ఆ సంగతి అక్కడే చెప్పు, తర్వాత మ్యూజియంలో అవసరం పడుతుంది.

గాలె చేరగానే మ్యూజియంలోకి దూరిపోకండి. చాలామంది అలాగే వెళ్ళి, అద్దాల పెట్టెలు చూసి, అరగంటలో బయటికొచ్చి "ఏముంది ఇందులో" అంటారు. ముందు కోట గోడ ఎక్కండి. ఉదయం ఏడింటికల్లా ఎక్కితే ఎండ బాధ ఉండదు. చాలాచోట్ల గోడ అంచుకు రెయిలింగు ఉండదు, కింద రాళ్ళు. చిన్నవాడి చెయ్యి మాత్రం వదలొద్దు. ఊరివైపు బురుజుల మీద నిలబడితే కింద క్రికెట్ స్టేడియం కనిపిస్తుంది. టీవీలో చూసిన గ్రౌండే కదా, పెద్దవాడు అక్కణ్ణుంచి కదలడేమో! సునామీకి అది కూడా మునిగింది. మళ్ళీ టెస్టు ఆడటానికి 2007 డిసెంబరు దాకా పట్టింది.

అక్కణ్ణుంచి లైట్‌హౌస్ దగ్గరికి నడిచి, రేవువైపు తిరిగి కాసేపు ఊరికే చూడండి. రేవు నోరు దక్షిణం వైపు తెరుచుకుని ఉంటుంది. నైరుతి గాలి మొదలైందంటే పెద్ద అలలు నేరుగా లోపలికి వస్తాయి. నీళ్ళ కింద బండలు కూడా ఉన్నాయి. దారి తెలిసిన పైలట్ లేకుండా ఓడ లోపలికి తీసుకురావడం పెద్ద టెన్షన్. కొలంబోలో ఇంగ్లీషువాళ్ళు 1885 నాటికి అలల అడ్డుగోడ కట్టేశాక పెద్ద ఓడలన్నీ అటు మళ్ళడానికి ఇదొక కారణం. ఇది కళ్ళతో చూస్తేనే లోపల పెట్టిన వస్తువులు అర్థమవుతాయి.

అప్పుడు పాత గేటు దగ్గరికి రండి. బయటివైపు ఇంగ్లీషు రాజచిహ్నం. లోపలికొచ్చి వెనక్కి తిరిగి చూస్తే డచ్చి కంపెనీ చిహ్నం, రెండు సింహాలు, పైన కోడిపుంజు, 1669 అని అంకె. పోర్చుగీసువాళ్ళ దగ్గర్నుంచి 1640లో డచ్చివాళ్ళు, వాళ్ళ దగ్గర్నుంచి 1796లో ఇంగ్లీషువాళ్ళు లాక్కున్న కోట అది. మన మచిలీపట్నంలో 1605లో దిగి, మన బట్టలు కొని, వాటిని ఇచ్చి మసాలా దినుసులు కొన్న కంపెనీ ఇదే. బందరులో, భీమిలిలో వాళ్ళ సమాధులు చూశారుగా, ఆ మనుషుల సంగతే ఇక్కడ ఇంకో అధ్యాయం.

ఆ గేటు ఉన్న పొడుగాటి కట్టడం డచ్చివాళ్ళ గిడ్డంగి. దాల్చినచెక్క, ఓడ సామాన్లు దాచిన చోటు. మ్యూజియం అందులోనే. ఆ మందపాటి గోడను పిల్లల్ని తాకి చూడమను. ఇంకో సంగతి, ఆ గిడ్డంగిలో రెండు మ్యూజియంలు ఉన్నాయి. ఒకటి 1992లో తెరిచిన జాతీయ సముద్ర మ్యూజియం, రెండోది సముద్ర పురావస్తు మ్యూజియం. పేర్లు దగ్గరగా ఉండటంతో ఒకటి చూసి రెండూ అయిపోయాయి అనుకుంటారు. రెండూ చూడండి.

మొదటిదాంట్లో పడవల దగ్గర ఆగండి. ఒరువ అని వాళ్ళ పడవ ఒకటి ఉంటుంది. దొలిచిన దుంగ మీద పలకల్ని మేకులు లేకుండా తాడుతో కుట్టి, ఒక పక్కకి కర్రలతో తేలే దుంగ కడతారు. మన జాలర్ల తెప్పకు, దీనికి తేడా ఏమిటో పిల్లల చేతే చెప్పించు.

రెండోదాంట్లో మాత్రం తొందరపడొద్దు. ఆవన్‌స్టర్ అనే ఓడ కథ వెతుక్కుని చదవండి. ఇంగ్లీషువాళ్ళ దగ్గర డచ్చివాళ్ళు పట్టుకున్న ఓడ. 1659 జూలైలో ఇదే రేవులో, ఇండియాకు వక్కలు ఎక్కించుకుంటూ ఉండగా, లంగరు జారి ఒడ్డు దగ్గరే మునిగింది. నడిసముద్రంలో కాదు, లంగరేసి ఉండగా! పోర్టులో పనిచేసినవాళ్ళకు ఇది గుండెలో గుచ్చుకునే సంగతి. మీరు పొద్దున గోడమీద నుంచి చూసిన నీళ్ళు అవే.

1993లో దాని ఆనవాళ్ళు దొరికాయి, 2001 నుంచి తవ్వకాలు చేశారు. అక్కడ తాడు ముక్కో చెక్క ముక్కో కనపడితే దాటిపోవద్దు. అన్నేళ్ళు ఉప్పునీళ్ళలో ఉన్న చెక్క తడి స్పాంజిలా ఉంటుంది. బయటికి తీసి ఎండనిస్తే ముడుచుకుని చీలిపోతుంది. అందుకని నెలల తరబడి మంచినీళ్ళ తొట్లలో ఉంచి, ఉప్పు లాగేసి, లోపలి నీటి స్థానంలో మైనంలాంటి పదార్థం ఎక్కిస్తారు. ఆ పని సగంలో ఉండగా 2004 డిసెంబరు 26న సునామీ ఒడ్డునున్న వాళ్ళ ల్యాబును ఊడ్చేసింది. సముద్రంలోంచి ఎంతో ఓపిగ్గా తీసిన వస్తువుల్లో కొన్ని మళ్ళీ పోయాయి. మిగిలినవాటిని ఏరుకుని పని కొనసాగించారు. నాకు ఆ మ్యూజియంలో అన్నిటికంటే గౌరవం కలిగించింది వాళ్ళ పట్టుదలే.

వెళ్ళేరోజు పోయ, అంటే పౌర్ణమి, కాకుండా చూసుకోండి. అక్కడ ప్రతి పౌర్ణమీ ప్రభుత్వ సెలవు. మిగతా సెలవులు, వేళలు హోటల్లో అడిగి బయల్దేరండి.

తిరుగు ప్రయాణంలో కొలంబో జాతీయ మ్యూజియానికి ఒక పూట ఉంచుకోండి. గాలెలో 1911లో దొరికిన రాయి అక్కడుంది. చైనా నావికుడు జెంగ్ హె 15వ శతాబ్దంలో తెచ్చిన శాసనం. చైనా భాషలో బుద్ధుడికి, తమిళంలో విష్ణువు అవతారంగా కొలిచే దేవుడికి, పారసీకంలో అల్లాకు కానుకలు రాసి ఉన్నాయి, ముగ్గురికీ ఇంచుమించు సమానంగా. అక్షరాలు అరిగాయి. రాయికి పక్కగా నిలబడి, వెలుతురు ఏటవాలుగా పడేటట్టు చూస్తే కొంత తెలుస్తాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న