సగం కథ పాఠకుడి దగ్గరే ఉంది

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథల ప్రతి చేరి నెల దాటింది. జవాబు ఆలస్యం కావడానికి నా బద్ధకం కొంత కారణమైతే, ఉత్తరం చివర నీవు వేసిన ప్రశ్న మరికొంత కారణం. అకిలీస్ మడమ, పండోరా పెట్టె వంటి ప్రస్తావనలు తెలుగు కథలో వాడవచ్చునా అని అడిగావు. వాడమనో, వద్దనో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ మాటలు ఇంగ్లీషులోకి ఏ దారిన వచ్చాయో, అక్కడి జనం నోట ఎలా నిలిచాయో తెలుసుకోకుండా నీవు ఏ నిర్ణయం తీసుకున్నా అది చీకట్లో రాయి విసరడమే. అందుకని ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

ఇలాంటి ప్రస్తావనను ఇంగ్లీషువారు అల్యూజన్ అంటారు. ఆ మాటకు మూలం లాటిన్‌లో ఉంది. దాని లోపల ఆట అనే అర్థం దాగి ఉంది. రచయిత ఏదో పాత కథలోని పేరునో, సంఘటననో పైకి విసురుతాడు. మిగిలిన కథను పాఠకుడు తన జ్ఞాపకంలోంచి తీసి అక్కడ చేర్చుకుంటాడు. 'ఈ పనికి వాడొక సైంధవుడిలా తయారయ్యాడు' అని మన ఇళ్లలో ఎవరైనా అన్నప్పుడు, అభిమన్యుడి వెంట వెళ్లబోయిన పాండవులను వ్యూహం వాకిట నిలిపేసిన వాడి కథ ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. విన్నవారిలో భారతం చదివినవారు ఎందరుంటారు? హరికథలోనో, తోలుబొమ్మలాటలోనో, పౌరాణిక నాటకంలోనో, ఆ తరువాత సినిమాలోనో చెవిన పడిన కథ అది. చదవడం ఒక ఎత్తు, పదే పదే వినడం మరో ఎత్తు. ఇంగ్లీషు సంగతి అర్థం కావాలన్నా ముందు ఈ తేడాయే పట్టుకోవాలి.

సామాన్య ఇంగ్లీషువాడు పదే పదే విన్న చోటు చర్చి. అయితే 16వ శతాబ్దం మొదట్లో అక్కడ బైబిలు లాటిన్‌లోనే వినిపించేది, అనుమతి లేకుండా దాన్ని ఇంగ్లీషు చేయడం నేరం. విలియం టిండేల్ అనే పండితుడు ఆ పని కోసం దేశం విడిచి వెళ్లి, 1526లో జర్మనీలోని వర్మ్స్ పట్టణంలో, బైబిలు రెండో భాగమైన కొత్త నిబంధనను ఇంగ్లీషులో అచ్చు వేయించాడు. ప్రతులు దొంగచాటుగా ఇంగ్లండు చేరాయి. 1536లో బ్రస్సెల్స్ దగ్గర అతణ్ణి గొంతు బిగించి చంపి, శవాన్ని కాల్చారు. విధి వైపరీత్యం చూడు: 1539లో రాజాజ్ఞతోనే ఇంగ్లీషు బైబిలు చర్చిల్లోకి వచ్చింది, అందులో చాలా వాక్యాలు టిండేల్‌వే. 1611లో జేమ్స్ రాజు కాలపు పండితులు కూర్చిన బైబిలు కూడా అతని మాటలను పెద్ద మొత్తంలో నిలుపుకుంది. ఆ తరువాత మూడు శతాబ్దాల పాటు రైతూ, నావికుడూ, పనిమనిషీ, ప్రభువూ ఆదివారం ఆదివారం అవే వాక్యాలు విన్నారు. గోడ మీద రాత (రాబోయే చేటుకు సూచన), భూమికి ఉప్పు (నిఖార్సయిన మనిషి), మంచి సమరయుడు (ఆపదలో ఉన్న పరాయివాణ్ణి ఆదుకున్నవాడు) వంటివి అక్షరం రానివాడి నోట కూడా పలికాయంటే కారణం ఇదే.

ఇందులో ఒక మాటను దగ్గరగా చూపిస్తాను. బైబిలులోని లేవీయకాండం 16వ అధ్యాయంలో రెండు మేకలు వస్తాయి. ఒకదాన్ని బలి ఇస్తారు. రెండోదాని తల మీద యాజకుడు చేతులుంచి, జనుల పాపాలన్నీ దాని మీద మోపి, అరణ్యంలోకి తోలేస్తాడు. ఆ రెండో మేకకు సంబంధించి హీబ్రూలో అజాజేల్ అనే చిక్కు మాట ఉంది. టిండేల్ 1530 నాటి అనువాదంలో, తప్పించుకుపోయే మేక అనే అర్థం వచ్చేలా స్కేప్‌గోట్ అనే కొత్త మాట కట్టాడు. అదే ఈనాడు ఇంగ్లీషులో పరుల తప్పు నెత్తిన పడ్డవాడికి పేరయింది. మన పత్రికలు దాన్ని బలిపశువు అంటున్నాయి. అంటే తెలుగులోకి వచ్చేసరికి రెండో మేకకు మొదటి మేక గతి పట్టింది. నింద మోసుకుంటూ బతికి ఉండడానికీ, చచ్చిపోవడానికీ మధ్య ఉన్న బాధ ఆ మార్పులో పోయింది. నీ ఐదో కథలో ఉద్యోగం పోగొట్టుకున్న గుమస్తా సరిగ్గా ఆ రెండో మేకే కాబట్టి చెబుతున్నాను.

ప్రస్తావన అలంకారంగా మిగలకుండా చరిత్రలో పనిచేయడం చూడాలంటే అమెరికా వెళ్లాలి. 1863 నవంబరులో గెటీస్‌బర్గ్‌లో అంతర్యుద్ధ సైనికుల శ్మశానవాటిక దగ్గర మాట్లాడిన అధ్యక్షుడు లింకన్, ఎనభై ఏడేళ్ల క్రితం అని మామూలుగా అనలేదు. నాలుగు ఇరవైల మీద ఏడేళ్ల క్రితం అని ఎత్తుకున్నాడు. 90వ కీర్తనలో మనిషి ఆయుస్సును మూడు ఇరవైల మీద పది అని జేమ్స్ రాజు బైబిలు లెక్క కడుతుంది. విన్నవారి చెవుల్లో ఆ లెక్క అప్పటికే మోగుతోంది. ఒక మనిషి జీవితకాలాన్ని మించి కొంచెం దూరం వచ్చిన దేశం ఇది అన్న గాంభీర్యం ఆ ఇరవైల లెక్కలోనే అందింది. దాదాపు నూరేళ్లకు, 1963 ఆగస్టు 28న, వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం మెట్ల మీద నల్లవారి నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ తన ప్రసంగం మొదట్లోనే ఐదు ఇరవైల ఏళ్ల క్రితం అన్నాడు. లింకన్ పేరెత్తలేదు. ఒక గొప్ప అమెరికన్ అని మాత్రమే చెప్పి ఊరుకున్నాడు. వెనక రాతి విగ్రహం కూర్చుని ఉండగా పేరెందుకు? ఆ తరువాత న్యాయం నీళ్లలా పారాలన్న ఆమోసు ప్రవక్త మాటనూ, లోయలు పైకి లేవాలన్న యెషయా మాటనూ తెచ్చాడు. నల్లవారికి హక్కులు ఎందుకివ్వాలని అడిగే తెల్లవారి ముందు, వాళ్లు రోజూ మొక్కే గ్రంథాన్నీ, వాళ్లు విగ్రహం కట్టుకున్న నాయకుణ్ణీ సాక్షులుగా నిలబెట్టాడు. ఇరవై నిమిషాలైనా లేని ఉపన్యాసానికి అంత బరువు రావడంలో ఆ సాక్షుల పాలు తక్కువేమీ కాదు.

ఇక్కడే అనువాదకులకు ఒక గడ్డు సమస్య ఉంది. మన తెలుగు బైబిలు ఆ కీర్తనలో ఆయుష్కాలం డెబ్బది సంవత్సరాలని సూటిగా చెబుతుంది. కాబట్టి ఐదు ఇరవైలు అని తెలుగులో రాస్తే వింతగా ఉంటుంది, నూరేళ్ల క్రితం అని రాస్తే గొలుసు తెగుతుంది. నేనొకసారి ఆ ప్రసంగాన్ని తెనిగించే ప్రయత్నం చేసి, ఈ ఒక్క వాక్యం దగ్గర కలం దించేశాను.

గ్రీకు, రోమన్ గాథలు వచ్చిన దారి వేరు. అవి చర్చిలో కాక లాటిన్ నేర్పే బడుల్లో మగపిల్లలకు పట్టుబడ్డాయి. షేక్‌స్పియర్ ఆ గాథలున్న రోమన్ కవి ఓవిడ్ కావ్యాన్ని లాటిన్‌లోనూ, 1567లో ఆర్థర్ గోల్డింగ్ చేసిన ఇంగ్లీషు అనువాదంలోనూ ఎరుగును. ఈ పాయ చాలాకాలం చదువుకున్నవారి సొత్తుగా ఉండిపోవడం వల్ల, దాన్ని వాడడంలో అర్థంతో పాటు హోదా కూడా కలిసి వచ్చేది. నీవు అడిగిన రెండూ ఈ పాయలోవే. పైగా రెండింటిలోనూ తిరకాసు ఉంది. మూత తీసి లోకంలోకి కీడులన్నిటినీ వదిలిన స్త్రీ పండోరా. గ్రీకు కవి హెసియడ్ చెప్పిన ఆ పండోరా దగ్గర పెట్టె లేదు. మనిషంత ఎత్తుండే మట్టి కాగు వంటి పాత్ర ఉంది. 16వ శతాబ్దం తొలి రోజుల్లో ఎరాస్మస్ అనే పండితుడు ఆ కథను లాటిన్‌లో చెబుతూ కాగును చిన్న పెట్టెగా మార్చేశాడు, యూరప్ అంతా ఆ పెట్టెనే పట్టుకుంది. ఇక గ్రీకు వీరుడు అకిలీస్ మడమ సంగతి, అతని కథ చెప్పే హోమర్ కావ్యం ఇలియడ్‌లో వెతికితే దొరకదు. తల్లి పట్టుకున్న చోట తప్ప ఒళ్లంతా ఆయుధాలకు లొంగకుండా పోయిందన్న కథకు మనకు దొరికే పాత ఆధారం, హోమర్ తరువాత ఎన్నో శతాబ్దాలకు స్టేషియస్ అనే రోమన్ కవి రాసిన కావ్యం. ప్రస్తావనలు మూలాన్ని బట్టి కాక నలిగిన వాడుకను బట్టి బతుకుతాయని ఈ రెండూ చెబుతున్నాయి. అయినా మూలం చూసిరావడం నీ బాధ్యతే. కాగు అని తెలిసిన రచయిత పెట్టెను వాడే తీరు వేరుగా ఉంటుంది.

హోదా అన్నాను కదా, దానికి మన సాహిత్యంలోనే గొప్ప బొమ్మ ఉంది. కన్యాశుల్కంలో గిరీశం తన శిష్యుణ్ణి మై డియర్ షేక్‌స్పియర్ అని పిలుస్తాడు. వెంకటేశానికి పరీక్ష పోయింది, గిరీశానికి గడప దాటే దారి లేదు, అయినా షేక్‌స్పియర్ పేరు చెవిలో పడగానే కుర్రవాడి కళ్లు మెరుస్తాయి. ఇంగ్లీషు ప్రస్తావనలు మన నేల మీద మొదట చేసిన పని ఏమిటో గురజాడ 19వ శతాబ్దంలోనే పసిగట్టాడు. ఇంకా ముచ్చట ఏమిటంటే, ఇప్పుడు 'వాడొట్టి గిరీశం' అంటే చాలు, నాటకం చూడనివాడికి కూడా మనిషి ఎలాంటివాడో తెలిసిపోతుంది. వెక్కిరించినవాడి పాత్రే ప్రస్తావనగా మారింది.

నేను కూడా ఒకప్పుడు చిన్న గిరీశాన్నే. ఇరవై రెండేళ్ల వయసులో రాసిన కథలో, నాయకుడు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి రూబికాన్ దాటాడని రాశాను. క్రీస్తుపూర్వం 49లో రోమన్ సేనాని సీజర్ ఇక వెనక్కి తిరగలేని నిర్ణయంతో తన సేనతో దాటిన ఆ చిన్న ఏటి పేరు తెలిసినందుకు నాకు ఎంత గర్వమో! అచ్చులో అది రూబీ కాన్వెంటు దాటాడు అని పడింది. నెల రోజులు తలెత్తుకోలేకపోయాను. అంతకన్నా సిగ్గు కలిగించింది ఏమిటంటే, పాఠకుల్లో ఒక్కరు కూడా అదేమిటని అడగలేదు. అక్కడ నది ఉన్నా, కాన్వెంటు ఉన్నా వారికి ఒకటే.

అలాగని ప్రతి ఇంగ్లీషు ప్రస్తావననూ తీసి మన పురాణంలోంచి ఒకదాన్ని అతికించమని నేను చెప్పను. నీ ప్రతిలో ఒకచోట ఫ్రాంకెన్‌స్టైన్ కొట్టేసి భస్మాసురుణ్ణి పెట్టావు. పైకి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. కానీ భస్మాసురుడు వరమిచ్చినవాడి మీదికే వచ్చి, మోహిని ఆటకు మోసపోయి, తన చేయి తన నెత్తిన పెట్టుకుని బూడిదవుతాడు. తప్పంతా వాడిదే. 1818లో వెలువడిన ఆ ఇంగ్లీషు నవలలో ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది వికృతాకారుడి పేరు కాదు, వాణ్ణి సృష్టించి, చూసి జడిసి వదిలేసిన విద్యార్థి పేరు. కన్నవాడు కాదంటే బిడ్డ ఏమవుతాడన్నది అక్కడి ప్రశ్న. నీ కథలో తండ్రి కొడుకును వదిలేశాడు కాబట్టి, భస్మాసురుడు వచ్చి కొడుకు మీద అన్యాయంగా నేరం మోపాడు.

ప్రస్తావన సరిహద్దు దాటితే ఎంత తలకిందులవుతుందో మన పక్కనున్న పూరీయే సాక్ష్యం. 14వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన ఓడోరిక్ అనే ఇటలీ సన్యాసి, భక్తులు దేవుడి రథం కింద పడి ప్రాణాలు విడుస్తారని రాసిపెట్టాడు. 19వ శతాబ్దపు మిషనరీలు ఆ చిత్రాన్ని మరింత భయానకంగా ప్రచారం చేశారు. చివరికి జగన్నాథుడి పేరు ఇంగ్లీషులో జగర్నాట్ అయి, అడ్డొచ్చిన దేనినైనా నలిపేసుకుపోయే శక్తికి గుర్తయింది. బ్రిటన్‌లో పెద్ద లారీలను కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. అదే రథాన్ని శ్రీశ్రీ చూసిన కోణం వేరు. 1950లో పుస్తకంగా వచ్చిన మహాప్రస్థానంలో ఆ చక్రాలు పతితులకూ భ్రష్టులకూ ఊరటగా కదిలివస్తాయి. రథం ఒక్కటే. దాన్ని దూరం నుంచి విన్నవారికి చక్రం కింద నలిగే మనిషి కనిపించాడు, తాడు పట్టి లాగే ఊళ్ల నుంచి వచ్చినవాడికి కదలిక కనిపించింది.

చడీచప్పుడు లేకుండా వచ్చి మనవైపోయినవి కూడా ఉన్నాయి. అందని ద్రాక్ష పులుపన్న సామెతను మన ముసలమ్మలు అలవోకగా అంటారు. అది ఈసపు నక్క కథ. సింహభాగం అనే మాట కూడా ఆ కథల వెంటే ఇంగ్లీషు మీదుగా వచ్చింది. మూలకథలో సింహం వేటంతా తానే మింగుతుంది, వాడుకలో మాత్రం అది ఎక్కువ వాటాగా తగ్గింది. వీటిని వాడడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇప్పుడు నీ ప్రతి సంగతి. రెండో కథలో గుంటూరు మిర్చి యార్డు దళారి కూతురితో 'పండోరా పెట్టె తెరిచావు' అంటాడు. ఆ మనిషి ఆ మాట ఎక్కడ విని ఉంటాడు? తేనెతుట్టె కదిపావు అంటాడు, అలాగే దిద్దాను. మూడో కథలో ఇంగ్లీషు లెక్చరరు తన భార్య అనుమానాన్ని అకిలీస్ మడమ అనడం సరిగ్గానే ఉంది. ఆ మాట చాటున దాక్కోవడమే వాడి స్వభావం, దాన్ని ముట్టుకోలేదు. నాలుగో కథలో చర్చికి వెళ్లే మరియమ్మ పొరుగువాణ్ణి మంచి సమరయుడు అన్నప్పుడు, ఆ వెంటనే నీవు లూకా సువార్తలోని కథంతా ఆరు వాక్యాల్లో వివరించావు. ఆమె తన వదినతో మాట్లాడుతోంది. వదినకు ఆ కథ తెలుసు. ఆ ఆరు వాక్యాల చుట్టూ పెన్సిలుతో గీత గీశాను, తీసేసి ఒకసారి పైకి చదివి చూడు. గుమస్తా కథను మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. అరణ్యంలో వదిలేసిన ఆ మేక అతని మాటల్లో రావాలో, అతని నడకలో రావాలో నాకింకా తేలలేదు. దసరా సెలవుల్లో ఇటు వస్తే కూర్చుని చూద్దాం.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి