డీఏపీ ఖర్చు తగ్గాలంటే వరికి ముందు జీలుగ

అన్నా, డీఏపీ ఎరువు ధర భరించలేక కోవూరు పొలంలో ఈ రబీకి వరి మానేద్దామా, సబ్సిడీ జీలుగ (పొలంలోనే దున్ని ఎరువుగా కలిపే పచ్చిరొట్ట పైరు) చల్లుదామా అని అడిగారు. వరి మానకండి. నవంబరు నాట్లకు సెప్టెంబరు మొదటి పక్షంలోనే ఎకరాకు 10-12 కిలోల జీలుగ చల్లండి. విత్తనానికి రైతు సేవా కేంద్రంలో ముందే పేరు రాయించండి.

45 రోజులకు, పూత మొదలవగానే నీళ్లు పెట్టి కలియదున్నాలి. ఇక్కడే చాలామంది ఆలస్యం చేస్తారు. పూత దాటితే కాడ నారపట్టి త్వరగా కుళ్లదు. దున్నేటప్పుడే ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ బస్తాలు 3 వేయండి. ఒక డీఏపీ బస్తాలో ఉండే భాస్వరం అందులోనే వచ్చేస్తుంది, గంధకం అదనం. వారం పది రోజులు మగ్గాకే నాటండి, లేదంటే కుళ్లేటప్పుడు పుట్టే వాయువులకు వేరు దెబ్బతిని నారు పసుపెక్కుతుంది. యూరియా ఒక బస్తా తగ్గించండి, పూర్తిగా మానొద్దు. జింకు సల్ఫేటును మాత్రం సూపర్‌తో కలిపి వేయకండి.