ఫోన్ యాప్‌తో మనసులోని టెన్షన్ తగ్గుతుందా?

కొంతవరకు తగ్గుతుందండీ. పరిశోధనల్లో కనిపించిన మేలు చిన్నదే, కానీ ఉంది. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (మన ఆలోచనల్ని పరీక్షించి మార్చుకునే చికిత్స) పద్ధతిలో చేసిన యాప్‌లు చూసుకోండి. "మేనేజర్ పలకరించలేదు, ఉద్యోగం పోతుందేమో" అన్న భయాన్ని అందులో రాస్తాం. దానికి ఆధారమేంటి, ఇంకో కారణం ఉండొచ్చా అని యాప్ అడుగుతుంది. జవాబు రాస్తుంటేనే గుండె దడ కాస్త నెమ్మదిస్తుంది. నేను డ్యూటీ దిగాక ఆర్కే బీచ్ గట్టు మీద కూర్చుని రోజూ పది నిమిషాలు ఇదే చేసేదాన్ని. చిక్కల్లా, చాలామంది కొద్ది రోజులకే వదిలేస్తారు.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా యాప్‌ను నమ్ముకుని కూర్చోకండి. వెంటనే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మన విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల కూడా ఉంది.